మల్దకల్ మనిషి

"చెప్పులు ఎవరివి?" అన్నాడు నాగప్ప, గడప దాటకుండానే.



మెట్ల పక్కన రెండు బండ్లు ఆగి ఉన్నాయి. అరుగు కింద తనకు తెలియని చెప్పుల జతలు. అందులో ఒక జత అంచుల నిండా సిమెంటు ఎండి గడ్డకట్టింది. అవి ఎవరివో ఇక అడగాల్సిన పని లేదు. గద్వాల మార్కెట్‌లో పల్లికాయ వ్యాపారం చేసి తల నెరిసిన మనిషి నాగప్ప. కాయను చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల గింజ నిండుగా ఉందో ముడుచుకుపోయిందో చెప్తాడని పేరు. చెప్పులు చూసి మనిషిని పోల్చుకోవడం ఆయనకొక పని కాదు.

లోపలికి వచ్చాడు.

హాల్లో గోడకు ఆనుకుని సైదుల్ కూర్చున్నాడు. తలకు కట్టు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ఈ హాలుకు టైల్స్ వేసింది అతనే. పని చేసినన్నాళ్లూ గోడకు వీపు ఆనించింది లేదు. నాగప్పను చూసి లేవబోతే పక్కనున్న గోపి భుజం పట్టి కూర్చోబెట్టాడు. అవతల రజిత మందుల కవరు ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. గోపిది బల్మూర్ అవతలి అడవి, రజితది వనపర్తి. ఇద్దరూ నాగప్ప కూతురు మానసతో డిగ్రీ చదువుతున్నారు.

మానస వంటింట్లోంచి మంచినీళ్ల చెంబుతో వచ్చింది.

"ఏంది ఇది?" అన్నాడు నాగప్ప, సైదుల్ వైపు చూడకుండా.

"దవాఖానల ఇంటికి పొమ్మన్నరు అప్పా. రూముకు పోతే ఓనరు తాళం ఏసిండు. సామాను బయట పడేసిండు."

"వాని మనుషులు ఏరి?"

"నిన్ననే రాయచూరు పోయి రైలెక్కిండ్రు. ఇతన్ని మాత్రం ప్రయాణం చేయొద్దన్నడు డాక్టరు. కుట్లు పచ్చిగున్నయ్."

"అయితే నా ఇంటికి తెస్తవా?"

"ఇంకెవరింటికి తేవాలె?"

బేరంలో జవాబు దొరకనప్పుడు ఆయన భుజం మీది తువ్వాల తీసి దులుపుతాడు. ఇప్పుడూ అదే చేశాడు.

శుక్రవారం సాయంత్రం జరిగింది ఊరంతటికీ తెలుసు. మార్కెట్ వెనక రేకుల రూముల్లో ఉండే బెంగాల్ పనివాళ్ల మీదికి వీధి కుర్రాళ్లు పోయారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్నారు, ఊరు విడిచిపొమ్మన్నారు. ఏమంటున్నారో అర్థం కాక సైదుల్ నవ్వాడు. ఆ నవ్వుకు తల పగిలింది. కాలేజీ పిల్లలు ఆటోలో వేసుకుని దవాఖానకు చేర్చి, మళ్లీ ఎవరూ రాకుండా వార్డు తలుపు దగ్గర వంతులేసుకుని కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్లలో తన కూతురు ఉందని నాగప్పకు మార్కెట్‌లో ఎవరో చెప్తే తెలిసింది. అప్పటినుంచి తండ్రీకూతుళ్ల మధ్య సరైన మాట లేదు.

లక్ష్మీదేవమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతులకు జొన్నపిండి.

"నువ్వన్న చెప్పొద్దా?" అన్నాడు భార్యతో.

"నన్నేమన్న అడిగి తెచ్చిందా? మనిషి గడపలనే పడిపోయేటట్టుండె. లోపటికి రమ్మన్న. నేను చేసింది గంతే."

"గంతేనా? వీధంత చూడదా?"

"చూసిండ్రు. ఎదురింటామె కిటికీ తెరిచి మరీ చూసింది. ఏం చేయమంటరు, పోయి మూయమంటరా?"

గోపికి నవ్వొచ్చింది. దగ్గుతో కప్పుకున్నాడు. నాగప్ప ఉరిమి చూశాడు.

బయట బండి ఆగిన చప్పుడు. కొడుకు ప్రేమ్ కుమార్ చెవి దగ్గర ఫోనుతోనే లోపలికొచ్చాడు. హాల్లో ఉన్నవాళ్లను చూసి ఫోను పెట్టేశాడు.

"నిజమేనన్నమాట," అన్నాడు. "ఊకనే అంటుండ్రు అనుకున్న. అప్పా, రాఘవేందరన్న వాళ్లు వస్తుండ్రు. నువ్వు తిన్నంక వస్తమన్నరు. మర్యాదకు ఆగుతుండ్రు."

"ఎందుకంట?"

"ఇతన్ని పంపియ్యమననీకి. ఇంకెందుకు?"

"ఏడికి పంపాలె అన్నా?" అంది మానస. "కుట్లేసిన మనిషిని రోడ్డు మీద నిలబెట్టాల్నా?"

"వచ్చిన కాడికి. తప్పు లేనోడైతే ఊరి పేరెందుకు దాస్తడు? మన పక్కనున్న మల్దకల్ అని అప్పకే చెప్పె. పోలీసోళ్లు అడిగితే బెంగాల్ అని తేలె. ఊరు అబద్ధం చెప్పినోడు ఇంకెన్ని అబద్ధాలు చెప్పిండో."

నాగప్ప తువ్వాల మడిచి మళ్లీ భుజాన వేసుకున్నాడు. ఆ మాట తనదే. మార్కెట్‌లో ఎవరు బస్తా దింపినా మొదట అడిగేది ఊరి పేరు. ఊరు తెలిస్తే నేల తెలుస్తుంది, నేల తెలిస్తే కాయ తెలుస్తుంది. మనుషుల్నీ అట్లే అడగడం అలవాటైపోయింది. ఊరికీ మనిషికీ పొంతన కుదరకపోతే నాగప్ప లెక్కలో అది కల్తీ బస్తా. టైల్స్ పనికి వచ్చిన మొదటి రోజున సైదుల్ అట్లా కుదరలేదు.

"ఇతన్నే అడుగుదం," అంది మానస. సైదుల్ ముందు చతికిలబడి, హిందీలో అడిగింది. మా నాయన మీ ఊరు ఏదని అడిగిండు కదా, నువ్వు ఏం చెప్పినవ్?

సైదుల్ ఒంటికన్నుతో నాగప్పను చూశాడు. భయపడుతూనే జవాబిచ్చాడు.

"మాల్దా."

"ఏంటిది?"

"మాల్దా. హమారా జిల్లా. బెంగాల్ మే."

"మరి మల్దకల్ అన్నవంట గద," అన్నాడు ప్రేమ్ కుమార్, తెలుగులోనే.

సైదుల్‌కు ఆ ఒక్క ముక్క అందింది. తల ఊపాడు. "హా, మాల్దా. కల్. సేట్ పూఛా, మాల్దా, కల్? హమ్ బోలా, హా, కల్. ఏక్ దిన్ పహలే ఆయా థా."

వంటింట్లో పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. లక్ష్మీదేవమ్మ కదల్లేదు.

"ఇంకోసారి చెప్పమను," అంది.

మానస అడిగింది. సైదుల్ చెప్పాడు, ఈసారి మెల్లగా, చేత్తో వెనక్కి చూపిస్తూ. మాల్దా నుంచి నిన్న వచ్చావా అని సేటు అడిగాడు. నిన్ననే వచ్చానన్నాను.

"కల్ అంటే నిన్న," అంది లక్ష్మీదేవమ్మ. ఆమె రాయచూరు పిల్ల. చుట్టుపక్కల ఇండ్లలో ఉర్దూ వింటూ పెరిగింది. "మీరు మల్దకలా అనడిగిండ్రు. వానికేమో మాల్దా, కల్ అని ఇనపడ్డది. ఆయన ఊరు ఆయన చెప్పిండు. మన ఊరు మీరు ఇన్నరు."

రజిత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. అది నవ్వో మరొకటో తెలియలేదు.

నాగప్ప అట్లే కుర్చీలో కూలబడ్డాడు.

పనికి వచ్చిన ఆ మొదటి రోజు ఇంకొకటి కూడా జరిగింది. అది అసలు ఎట్లా జరిగిందో ఈ హాల్లో నాగప్పకు, సైదుల్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మల్దకల్ మనిషికి ఒక్క తెలుగు ముక్క రాకపోవడం ఏంటని అనుమానం వచ్చి, పరీక్ష పెట్టినట్టు అడిగాడు, "తిమ్మప్ప బాగున్నడా?" అని. మల్దకల్ వెంకటేశ్వర స్వామిని చుట్టుపక్కల అందరూ తిమ్మప్ప అనే పిలుస్తారు. సైదుల్ మాట అర్థం కాకపోయినా, ఎవరో తెలిసినాయన క్షేమం అడుగుతున్నారనుకుని, బాగున్నాడన్నట్టు నవ్వుతూ తల ఊపాడు. ఆ సాయంత్రం టీ హోటల్లో నాగప్ప దాన్ని చెప్పి అందర్నీ నవ్వించాడు. సాయిబు మన తిమ్మప్ప యోగక్షేమాలు చెప్పిండు, అని. తన చూపు ఎంత గట్టిదో చెప్పుకోవడమే ఆయన ఉద్దేశం, అంతకు మించి ఏమీ లేదు.

కానీ పల్లికాయ ధర ఎట్లా పెరుగుతుందో నాగప్పకు తెలియనిది కాదు. పొద్దున రాయచూరులో ఎవడో ఒకడు పంట తగ్గేటట్టుందని అంటాడు. గద్వాలకు వచ్చేసరికి తగ్గిందట అవుతుంది. వనపర్తికి పోయేసరికి పంటే లేదంటారు. మధ్యలో ఏ ఒక్కడూ అబద్ధం చెప్పడు, తలా కొంచెం కలుపుతాడు. ఊరి పేరు దాచాడన్నారు. తిమ్మప్పను వెక్కిరించాడన్నారు. టైల్స్ కొలిచే వంకతో ఇండ్లు చూసుకుంటున్నాడన్నారు. పిల్లల ముచ్చట ఎక్కడ కలిసిందో ఎవరికీ తెలియదు. మొదటి మాట మాత్రం తనదే.

"అప్పా," అంది మానస.

"తెలుసు."

"రాఘవేందరన్నకు చెప్తవా?"

"చెప్తే ఏమైతది?" అన్నాడు ప్రేమ్ కుమార్ అడ్డొచ్చి. "నేనే తప్పు ఇన్న, నేనే తప్పు చెప్పిన అని నలుగురి ముందు అనాల్నా? కాయ చెవి కాడ పెట్టి చెప్తడని అప్ప మీద నమ్మకంతోని రైతులు మనకాడికొస్తరు. మనిషి నోటిమాటనే సరిగ ఇనలేదంటే, ఇంక కాయ మాట ఎవడు నమ్ముతడు?"

"నీకు కాయ రంధినే ఉన్నది. ఈయన తల పగిలింది."

"నేను పగలగొట్టిన్నా?"

"మరి ఆపినవా?"

శుక్రవారం ప్రేమ్ కుమార్ ఎక్కడున్నాడో ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఇన్ని రోజులు ఇంటిని నిలబెట్టింది.

అతని కోపం గోపి మీదికి మళ్లింది. "నీదేం పోయింది తమ్మీ? నాలుగు దినాలు లొల్లి చేసి నువ్వు అడివికి పోతవ్. ఈ వీధిల ఉండేది మేము."

"నిజమే అన్నా," అన్నాడు గోపి నెమ్మదిగా. "మాది చెంచుపెంట, అడివి లోపటి గూడెం. నేను హైదరాబాదుల హాస్టల్ల చేరనీకి పోతే ఊరి పేరు అడిగిండ్రు. చెప్పిన. గట్లాంటి ఊరే లేదన్నడు వార్డెను. ఫోన్ల మ్యాపు తీసి చూపిచ్చిండు, నిజంగనే లేదు. అబద్ధం చెప్తున్ననని రూము ఇయ్యలే. ఇంక ఏం చేస్తం, బస్‌స్టాండుల పండుకున్న. గద్వాల కాలేజీకి వచ్చింది అట్లనే. ఈయన ఊరు మ్యాపులనన్న ఉన్నది, నాకంటే నయం."



"అంకుల్," అంది రజిత, మొదటిసారి నోరు విప్పి. "కాలేజీ గేటు కాడ మావాళ్లు ఇంకా ఉన్నరు. ఫోన్ చేస్తే వచ్చేస్తరు. అందరం అరుగు మీద కూసుంటే వాళ్లు లోపటికి రారు."

"వద్దు బిడ్డా. అది వేలంపాట. నువ్వు పది మందిని తెస్తే అవతలోడు వంద మందిని తెస్తడు. పాట ఎక్కినంక దిగనీకి రాదు."

"మరి ఏం చేద్దం?"

నాగప్ప లెక్క వేస్తూనే ఉన్నాడు. చెప్తే ఎంత పోతుంది, చెప్పకపోతే ఎంత పోతుంది. చెప్పకపోతే పోయేది ఆ గోడకు ఆనుకున్న మనిషిది. చెప్తే పోయేది తనది. ఎదుటివాడి నష్టాన్ని తన లెక్కలో వేసుకోకపోవడమే వ్యాపారమని తండ్రి నేర్పించాడు. ఇన్నేళ్లూ అది బాగానే నడిచింది.

"సాకు," అంది లక్ష్మీదేవమ్మ. కోపమొస్తే ఆమె నోటికి పుట్టింటి కన్నడమే వస్తుంది. చాలు అని. "ఎంతసేపు ఆలోచిస్తరు? నేను ఈ ఇంటికి కొత్తగ వచ్చినప్పుడు మీ అమ్మ అన్నం వడ్డిస్తుంటే సాకు, సాకు అన్న. తన వంట తిననీకి సాకులు చెప్తున్న అనుకున్నది ముసలామె. రెండు దినాలు నాతోని మాట్లాడలే. కోడలు పొగరుబోతు అని వాడకట్టంత చెప్పుకొచ్చింది. యాదికున్నదా?"

"ఉన్నది."

"అప్పుడు మీరు పోయి చెప్పిండ్రు. అమ్మా, ఆమె చాలంటున్నది, నువ్వు వేరే ఇన్నవ్ అని. నా తరఫున చెప్పనీకి మీరుంటిరి. వీనికి ఎవరున్నరు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. లోపలికి పోయి, మాడిన రొట్టె పక్కన పడేసి ఇంకొకటి తట్టింది. కాసేపటికి స్టీలు పళ్లెంలో రెండు జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ తెచ్చి సైదుల్ ముందు పెట్టింది. అది ఇంట్లోవాళ్లు తినే పళ్లెమే. మొగుడు చూస్తున్నాడని తెలిసి, "కడిగితే పోతది," అంది, ఎవరితోనో అన్నట్టు.

సైదుల్ దవడ నొప్పికి రొట్టె నమలలేకపోతే, మానస తుంచి చట్నీలో నానబెట్టి ఇచ్చింది.

రాఘవేందర్ వచ్చేసరికి ఎండ అరుగు దిగింది. విత్తనాలు, పురుగుమందుల దుకాణం అతనిది. వీధిలో పెండ్లికైనా చావుకైనా ముందు నిలబడే మనిషి. వెనక వీధివాళ్లు పోగయ్యారు. కొందరి చేతుల్లో ఫోన్లు, ఇద్దరి చేతుల్లో కట్టెలు. ప్రేమ్ కుమార్ పోయి వాళ్ల పక్కన నిలబడ్డాడు. పోతూ తల్లి వైపు చూశాడు. ఆమె చూడలేదు.

నాగప్ప అరుగు మీదికి వచ్చాడు.

"మామా, తిన్నవా?" అన్నాడు రాఘవేందర్.

"తిన్న. నువ్వు?"

"ఏడ తినేది. పొద్దుగాల నుంచి ఫోన్లే."

"లోపటికి రా, రొట్టెలున్నయ్."

"వద్దు మామా. లోపట ఎవరున్నరో తెలిసే వచ్చినం."

"నేను ఒక మాట చెప్తా, ఇనుండ్రి," అన్నాడు నాగప్ప. గొంతు మార్కెట్‌లో ధర చెప్పినట్టే పలికించాలనుకున్నాడు. అట్లా పలకలేదు. "ఆ పిల్లగాడు మల్దకల్ అనలే. మాల్దా అన్నడు. అది బెంగాల్‌ల ఒక జిల్లా. నేను మల్దకలా అంటే, నిన్న వచ్చినవా అని అడుగుతున్ననని అనుకున్నడు. ఔ అన్నడు. ఆయన చెప్పింది నిజమే. తప్పు ఇన్నది నేను. టీ హోటల్ల చెప్పిందీ నేనే."

ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. వెనక ఎవరో, "మరి తిమ్మప్ప సంగతేంది?" అన్నారు.

"తిమ్మప్ప ఎవరో వానికి తెల్వదు. నేనే ఎకసెక్కానికి అడిగిన. దేవుణ్ణి నవ్వులాటల పెట్టింది నేను. అడగాల్నంటే నన్నడుగుండ్రి."

చెప్పేశాడు. ఎంత బరువు దిగుతుందో అనుకున్నాడు కానీ, ఏమీ దిగలేదు. ఎదురుగా ఉన్న మొహాల్లో కోపం పెరగలేదు, తగ్గలేదు. ఎప్పుడో ధర పడిపోయిన సరుకును ఇప్పుడు తెచ్చి అమ్మకానికి పెట్టినట్టు చూశారు.

"సరే మామా," అన్నాడు రాఘవేందర్. "నువ్వు గింత చెప్పినవంటే నమ్ముతం. మల్దకల్ కాదు, మాల్దా. ఊరు నిజమే చెప్పిండు. మనిషి మంచోడని దాంతోని తేలిందా?"

"చెడ్డోడని దేంతోని తేలింది?"

"తేలేదాక ఆగే ఓపిక నాకు లేదు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఫోన్ తీస్తే పొద్దంత పిల్లల్ని ఎత్తుకపోతుండ్రని అవే వీడియోలు. ఏది నిజమో ఏది అబద్ధమో నాకు తెల్వదు మామా, తెల్వదు కాబట్టే భయం. నీకు తెలిస్తే నువ్వు చెప్పు."

అతను అబద్ధమాడడం లేదు. నిద్ర లేని కండ్లు అతనివి. నాగప్పకు అది ఇంకా కష్టమనిపించింది. ఎదుటివాడు మోసగాడైతే బేరం తేలిక.

"పూచీ ఉంటవా?" అన్నాడు రాఘవేందర్.

"ఏంది?"

"వాడు నీ ఇంట్ల ఉన్నన్ని దినాలు ఈ వీధిల ఏ పిల్లకు ఏమైనా నువ్వు జవాబుదారి. ఉంటనను, ఇప్పుడే పోతం. లేకుంటే పంపియ్యి. మేమే బస్సెక్కిస్తం, చెయ్యి ఎయ్యం. నా మాట."

నాగప్ప జీవితంలో ఎవరికీ పూచీ ఉండలేదు. సొంత బావమరిది ట్రాక్టరు కొంటుంటే సంతకం పెట్టనంటే, ఆ ఇంటికి రాకపోకలే ఆగిపోయాయి. అయినా పెట్టలేదు. ఎంత నష్టమో ముందే తెలిసిన బేరానికి భయం లేదు. పూచీకి అడుగు కనపడదు. లోపల కూర్చున్న మనిషి గురించి తనకు తెలిసింది ఎంత? టైల్స్ మధ్య సందు వంకర పోనివ్వడు. పిలిస్తే నవ్వుతాడు. అంతకు మించి ఒక్క గింజ తెలియదు.

తన వెనక గుమ్మంలో మానస ఉంది. ఏమన్నా అంటుందేమోనని నాగప్ప చూశాడు. అననందుకు కోపం కూడా వచ్చింది. ఏదో ఒకటి అంటే ఆమె మీద పెట్టి ఒప్పుకోవచ్చు, ఆమె మీద పెట్టి కాదనవచ్చు.

"ఉంట," అన్నాడు.

"మామా, ఆలోచించి చెప్పు."

"చెప్పిన గద. ఉంట."

రాఘవేందర్ ఊపిరి వదిలాడు. అతనికీ ఎక్కడో ఒకచోట ఆగాలనే ఉన్నట్టుంది. వెనక్కి తిరిగి, "ఇన్నరు గద, పదండ్రి," అన్నాడు. కట్టెలు పట్టుకున్నవాళ్లు కొంచెం గొణిగి, కదిలారు. ఎవరో బండి స్టార్ట్ చేశారు.

అప్పుడే సందు మలుపులోంచి నర్సమ్మ వచ్చింది. పూలు అమ్ముకునే మనిషి. బుట్ట లేదు, కొంగు నేల మీద జీరాడుతోంది.

"మా కృప ఇటు వచ్చిందా?" అంది, ఎవరినో ఒకరిని కాకుండా అందరినీ. "బడి ఇడిసి మస్తు సేపాయె. దాని దోస్తులు ఇండ్లకొచ్చిండ్రు. ఇది రాలే. ఎవరన్న చూసిండ్రా?"

స్టార్ట్ అయిన బండి ఆగిపోయింది.

కృప నర్సమ్మ మనవరాలు. రెండో తరగతి. లక్ష్మీదేవమ్మ దగ్గరికి వచ్చి వేయించిన పల్లీలు పిడికిలితో తీసుకుపోయే పిల్ల. ఆ పిల్ల ఏ స్నేహితురాలి ఇంట్లోనో ఆడుకుంటుండవచ్చు. ఏ గోడ పక్కనో మేకపిల్లతో కూర్చుని ఉండవచ్చు. నాగప్పకు ఇవన్నీ తోచాయి. ఎదురుగా ఉన్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదని మొహాలే చెప్తున్నాయి. వాళ్లు తలుపు వైపు చూడటం లేదు. తన వైపే చూస్తున్నారు.

"మామా," అన్నాడు రాఘవేందర్. గొంతు మారింది. "వాడు పొద్దున్నుంచి ఇంట్లనే ఉన్నడా?"

"దవాఖాన నుంచి సీదా ఇక్కడికే వచ్చినం," అంది మానస. "మేం పక్కనే ఉన్నం. ఒక్క నిమిషం కూడ ఇడవలే."

"నిన్నెవరు అడిగిండ్రు అమ్మా," అన్నాడు కట్టె పట్టుకున్న ఒకడు. "వాని మనుషులు బయట ఉండరా?"

"వాళ్లు రైలెక్కి పోయిండ్రు."

"పోయిండ్రని నువ్వు చూసినవా?"

నర్సమ్మకు అప్పుడు అర్థమైంది, వీళ్లు ఎవరి గురించి మాట్లాడుతున్నారో. అరుగు మెట్టు మీద కూలబడి, నాగప్ప కాళ్ల వైపు చూసింది. ఏడవలేదు. ఏడిస్తే నయమనిపించింది.

లోపల గోపి ఏదో చెప్తున్నాడు, సైదుల్ ఏదో అడుగుతున్నాడు. తలుపు తెరుచుకుంది. సైదుల్ ఒక చేత్తో గోడ పట్టుకుని గడప మీదికొచ్చాడు. రజిత చొక్కా పట్టి లాగుతున్నా ఆగలేదు. ఒంటికన్నుతో నర్సమ్మను చూశాడు.

"బచ్చీ ఖో గయీ?" అన్నాడు. పిల్ల తప్పిపోయిందా అని. తర్వాత నాగప్పతో, "సేట్, హమ్ భీ ఢూంఢేగా." నేనూ వెతుకుతానని.



"లోపలికి పో భయ్యా," అంది మానస, ఏడుపు ఆపుకుంటూ. "ప్లీజ్, లోపలికి పో."

నాగప్ప లెక్క చూసుకున్నాడు. లోపల ఉంచితే దాచాడంటారు. బయటికి తెస్తే, పిల్ల ఎక్కడుందో వీనికి తెలుసు అంటారు. పంపేస్తే పారిపోయాడంటారు. ఎటు తిప్పినా నష్టమే. ఇట్లాంటి లెక్క ఆయన ఎప్పుడూ చేయలేదు. నష్టం ఖాయమైనప్పుడు మనిషి పక్కన నిలబడటానికి వేరే కారణం ఉండాలి, దానికి తన దగ్గర పేరు లేదు.

"రా," అన్నాడు సైదుల్‌తో. "నా చెయ్యి ఇడువకు. నువ్వు అటూ ఇటూ చూడకు, నాతోనే రా." అర్థం కాదని గుర్తొచ్చి, అతని చెయ్యి తనే పట్టుకున్నాడు. సిమెంటుకు బొబ్బలెక్కి గరుకుగా ఉంది.

"మామా, వద్దు," అన్నాడు రాఘవేందర్.

"పూచీ అడిగితివి గద రాఘవేందర్. పిల్లను ఎతకనీ."

ఇద్దరూ మెట్లు దిగారు. చివరి మెట్టు దగ్గర జనం నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు.

చాలాసేపటికి ప్రేమ్ కుమార్ ఒక్కడు పక్కకు జరిగాడు. తండ్రి పోవడానికి ఎంత కావాలో అంతే జరిగాడు. ఇద్దరు పట్టే దారి కాదు అది.